మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు, పని చెడ్డాక మాత్రం "మాకు ముందే తెలుసు" అంటారు. ఈ టీమ్‌ని నడిపేదెలా?

కొత్తబాధ్యత
ఈ మధ్యే మా టీమ్‌కి నన్ను లీడ్‌ని చేశారు. అంతకుముందు నేనూ వాళ్ళలో ఒకడినే. పని తెలియనివాళ్ళు ఎవరూ లేరు, కొందరికి నాకన్నా అనుభవం ఎక్కువే. కానీ మీటింగ్‌లో పనంతా వివరించి "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడిగితే ఒక్కరూ మాట్లాడరు. తలూపి లేచి వెళ్ళిపోతారు.

మొన్న గడువు దగ్గరపడ్డాక ఒక పెద్ద లోపం బయటపడింది. విచారిస్తే ముగ్గురికి ముందే తెలుసట! ఒకరు "అది నా భాగం కాదు కదా" అన్నారు. ఇంకొకరు "మీరు అడగలేదు" అన్నారు. మూడో మనిషి "చెప్పినా మారేదేముందిలే అనుకున్నా" అన్నారు. ఆ మూడో మాటతో నాకు నిద్ర పట్టడం లేదు.

అప్పగించిన పని చేస్తారు, అంతకు మించి వేలు కూడా కదపరు. మెచ్చుకుని చూశాను, టీ బ్రేకుల్లో కబుర్లు చెప్పి చూశాను, ఏమీ మారలేదు. వీళ్ళలో ఉత్సాహం రావాలంటే ఏం చెయ్యాలి?

సూటిగా
నిన్నటిదాకా పక్క సీట్లో ఉన్న మనిషి ఇవాళ లీడ్ అయితే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. ముందు కాస్త దూరం పాటించండి. ఎవరి పని ఏంటో రాతలో పెట్టండి, గడువు చెప్పండి, దాటితే నిలదీయండి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధేస్తుందని ఊరికే అనలేదు.

నిదానం
నిలదీయడానికి ముందు ఒకటి తెలియాలి. మీకన్నా ముందు ఈ టీమ్‌ని నడిపినవాళ్ళు ఎలా ఉండేవారు? చెడ్డ కబురు మోసుకొచ్చిన వాళ్ళకి అప్పట్లో ఏమయ్యేది?

కొత్తబాధ్యత
పాత లీడ్ చాలా తెలివైన మనిషి, కాదనను. కానీ ఎవరైనా "ఇది ఆలస్యమయ్యేలా ఉంది" అంటే చాలు, అందరి ముందూ నిలబెట్టి ఎందుకు, ఎప్పటినుంచి, ఎవరి వల్ల అని అరగంట వాయించేవారు. ఒకసారి ఒకమ్మాయి పక్కవాళ్ళ భాగంలో తేడా ఉందని చూపించింది. "కనిపెట్టావుగా, నువ్వే సరిచెయ్" అని ఆ పని కూడా ఆమె నెత్తిన పెట్టారు. ఆమె మీటింగ్‌లో మాట్లాడగా మళ్ళీ నేను చూడలేదు.

నిదానం
మీ జవాబు ఇక్కడే ఉంది. వాళ్ళకి ఉత్సాహం లేక కాదు, నోరు విప్పితే ఏమవుతుందో బాగా తెలిసి ఊరుకుంటున్నారు. లీడ్ మారాడని వాళ్ళ బుర్రకి తెలుసు. అలవాటుకి ఇంకా తెలియదు.

పల్లకి
"కనిపెట్టావుగా, నువ్వే సరిచెయ్." ఈ డైలాగ్ ప్రతి ఆఫీసులోనూ ఉందా ఏంటి! మా దగ్గరా ఇదే. కళ్ళు మూసుకుని పనిచేసేవాళ్ళే హాయిగా ఉన్నారు.

రన్‌వే
విమానయానంలో దీన్ని ఎంత పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నారో చెప్పాలి. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎగరబోతున్న విమానం కెప్టెన్ ఆ సంస్థలో ఎంతో సీనియర్, మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చే మనిషి. ఆయన మొదటిసారి బయలుదేరబోతే కో-పైలట్ "మనకింకా అనుమతి రాలేదు" అని ఆపాడు. కాసేపటికి ఆయన మళ్ళీ కదిలించాడు. ఈసారి కో-పైలట్ అడ్డుచెప్పలేదు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చి, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదేమో అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ ఇంక రెట్టించలేదు.

రేడియో మాటల్లో గందరగోళం, పొగమంచు, ఆలస్యం అయిపోతోందన్న టెన్షన్, కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ కాక్‌పిట్‌లో ఒకరికి సరైన అనుమానం వచ్చింది, అది ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఇలాంటి ప్రమాదాల తర్వాతే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ వచ్చింది. కింది ఉద్యోగి ఎలా గట్టిగా చెప్పాలో, పైవాడు ఎలా వినాలో రెండూ నేర్పుతారు. రెండోదే కష్టం.

సూటిగా
విమానాలు, ప్రాణాలు వేరే సంగతి. మామూలు పనిలో జనం మాట్లాడకపోవడానికి సగం కారణం భయం కాదు, బద్ధకం. మాట్లాడితే పని పెరుగుతుంది. అంతే.

పల్లకి
మరి పని పెంచింది ఎవరండీ? పైన ఆ అమ్మాయి కథ మళ్ళీ చదవండి.

వార్డుసిస్టర్
సూటిగా గారి మాటకి నా అనుభవం వేరు. నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. ఇద్దరు సర్జన్లతో ఎక్కువగా చేశాను, ఇద్దరి చెయ్యీ మంచిదే. ఒకాయన లోపలికి రాగానే గదంతా బిగుసుకుపోతుంది. పరికరం అందించడంలో క్షణం ఆలస్యమైతే చూసే చూపు చాలు. రెండో ఆవిడ మొదలుపెట్టే ముందు చేతులు ఆపి, కొత్త స్టూడెంట్‌తో సహా అందరి వైపూ చూసి, "నేను ఏదైనా మర్చిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి, తర్వాత తిట్టను" అంటారు. ఒకసారి స్టూడెంట్ పిల్ల గాజుగుడ్డల లెక్క కుదరలేదని సన్నగా గొణిగింది. ఆవిడ "సరే, మళ్ళీ లెక్కపెడదాం" అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది, ఆ పిల్లే పొరబడింది. ఆవిడ "థాంక్స్, ఇలాగే చెప్తూ ఉండు" అని పని మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎంత హుషారుగా పనిచేసిందో చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు గదిలో ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని ఏంటో చెప్పాలని ఉంటుంది. బయటివాళ్ళకి చాదస్తంలా అనిపించొచ్చు. కానీ ఒకసారి గొంతు విప్పిన మనిషికి రెండోసారి విప్పడం తేలిక.

లెక్కలమాస్టారు
సిస్టర్ గారి పోస్టుకి కొనసాగింపు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి టీమ్‌ల మీద అధ్యయనం చేశారు. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆవిడ ఊహ. తీరా చూస్తే మంచి టీమ్‌ల లెక్కల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. తర్వాత తేలిందేంటంటే, వాళ్ళు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నారని కాదు, చేసినవి దాచకుండా చెప్తున్నారని. మిగతాచోట్ల అవి కాగితం మీదకే రావడం లేదు. 1999లో ఆవిడ రాసిన పత్రంతోనే సైకలాజికల్ సేఫ్టీ, అంటే నోరు విప్పినా తనకేం కాదన్న నమ్మకం, అన్న మాట టీమ్‌ల విషయంలో బాగా వాడుకలోకి వచ్చింది.

కొత్తబాధ్యత గారూ, దీన్నిబట్టి ఒకటి గుర్తుంచుకోండి. మీ టీమ్ బాగుపడటం మొదలైతే ముందు సమస్యల జాబితా పెరుగుతుంది. అది చూసి కంగారుపడకండి, పైవాళ్ళకి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

సూటిగా
మంచి పాయింటే, ఒప్పుకుంటా. కానీ సేఫ్టీ అంటే ఎవరేం చేసినా చెల్లుతుందని కాదు కదా? ఒకడు రోజూ ఆలస్యంగా ఇస్తాడు, లీడ్ నవ్వుతూ ఊరుకుంటాడు. అప్పుడు టైముకి ఇచ్చేవాడి మనసు ఏమవుతుంది? నా వరకు టీమ్ ఉత్సాహాన్ని చంపేది అరిచే లీడ్ ఒక్కడే కాదు, ఏదీ పట్టించుకోని లీడ్ కూడా. అలాంటివాడి కింద పనిచేశాను. నా వాటా పూర్తిచేశాక పక్కవాడి వాటా కూడా నాకే వచ్చేది, ఎందుకంటే "నువ్వైతే చేస్తావు".

లెక్కలమాస్టారు
ఎడ్మండ్‌సన్ కూడా అదే అంటారు. మాట్లాడే ధైర్యం, పని ప్రమాణం రెండూ పైన ఉండాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే అది కాలక్షేపం కంపెనీ. సూటిగా గారూ, ఇక్కడ మీరూ నిదానం గారూ ఒకే మాట చెప్తున్నారు, గొంతులే వేరు.

నిదానం
ఒకే మాట కాదు లెండి. ఆయన ముందు గడువు అంటారు, నేను ముందు నమ్మకం అంటాను. వరస ముఖ్యం.

షాప్‌ఫ్లోర్
వరస గురించి అయితే మా ఫ్యాక్టరీ సంగతి వినండి. టయోటా పద్ధతిలో లైన్ పొడవునా తాడు ఉంటుంది, ఆండన్ తాడు అంటారు. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగొచ్చు. లాగగానే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. ఆ స్టేషన్ పని ముగిసే లోపల సరిచేయలేకపోతే లైన్ ఆగిపోతుంది. మా దగ్గరా అచ్చం అలాంటి తాడే కట్టారు. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకంటే లాగితే సూపర్‌వైజర్ వచ్చి అనే మొదటి మాట "ఎవరు లాగింది?"

తర్వాత ఇంకో సూపర్‌వైజర్ వచ్చాడు. ఆయన వచ్చీ రాగానే "ఏం కనిపించింది, చూపించు" అంటాడు. అంతే తేడా. తాడు అదే, మనుషులూ వాళ్ళే. కొన్నాళ్ళకి అందరూ లాగడం మొదలుపెట్టారు. లీడ్ మొదటి మాట "ఎవరు" అని మొదలైతే మనుషులు దాక్కుంటారు, "ఏం" అని మొదలైతే దగ్గరకొస్తారు. ఆ మొదటి మాట నోట్లోంచి ఏం వస్తుందో చూసుకోండి చాలు.

జీతంరాళ్ళు
ఎవరూ అసలు విషయం మాట్లాడటం లేదు. డబ్బు! జీతం పెంచండి, బోనస్ ఇవ్వండి, ఎక్కడలేని ఉత్సాహం అదే వస్తుంది. మిగతావన్నీ కబుర్లు.

లెక్కలమాస్టారు
జీతం సరిపోకపోతే ఏ కబురూ పనిచేయదు, నిజమే. కానీ ఒక హద్దు దాటాక సంగతి వేరు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం ఇంజనీర్లని, అకౌంటెంట్లని "పనిలో ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు విసుగొచ్చింది" అని అడిగి 1959లో పుస్తకంగా వేసింది. విసుగొచ్చిన సందర్భాల్లో కంపెనీ నియమాలు, పైవాళ్ళ తీరు, జీతం లాంటివి వచ్చాయి. సంతోషం కలిగిన సందర్భాల్లో సాధించిన పని, గుర్తింపు, బాధ్యత లాంటివి వచ్చాయి. అంటే జీతం తక్కువైతే మనసు విరుగుతుంది, సరిపడా ఉన్నంత మాత్రాన పనిమీద ప్రేమ పుట్టదు.

ఎడ్వర్డ్ డెసి 1971లో విద్యార్థులకి పజిల్స్ ఇచ్చి చూశారు. విప్పినందుకు డబ్బు ఇచ్చి, తర్వాత ఆపేస్తే, వాళ్ళు ఖాళీ టైములో పజిల్ ముట్టుకోవడం తగ్గింది.

జీతంరాళ్ళు
పజిల్ ఆడే పిల్లలకి ఇంటి అద్దె లేదు మాస్టారూ.

లెక్కలమాస్టారు
అది సరైన అభ్యంతరమే. అందుకే ఆ ప్రయోగాన్ని జీతాలకి అంటగట్టను. లీడ్ చేతిలో బోనస్ ఉండదు, ఈ మాట కూడా చూడండి. కొత్తబాధ్యత గారి చేతిలో ఉన్నది గుర్తింపు, పని పంపకం, ఎవరి మాట వినాలన్నది. వాటి గురించే అడిగారు ఆయన.

వెనకబెంచీ
నేను అవతలి వైపు నుంచి చెప్తాను, టీమ్‌లో మాట్లాడని మనిషిని నేనే.

నాకు చెప్పాల్సింది ఉంటుంది. కానీ మా లీడ్ మీటింగ్ మొదట్లోనే "నేనైతే ఇలా చేద్దామనుకుంటున్నా, మీరేమంటారు?" అంటారు. ఆయన ఇలా అన్నాక కాదనడం అంటే ఆయన్ని కాదన్నట్టే అవుతుంది. రెండోది, నేను ఒకసారి ప్రైవేటుగా చెప్పిన ఐడియా పై మీటింగ్‌లో ఆయన నోట "నేను ఆలోచించాను" అని వచ్చింది. పక్కనే కూర్చుని విన్నాను. ఆయనకి గుర్తుండి ఉండదు, నాకు మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఇంకోటి, చాలా చిన్నది. సాయంత్రం వేళ "ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. విషయం ఉండదు. రాత్రంతా టెన్షన్. పొద్దున వెళ్తే సెలవుల జాబితా గురించి! ఆ ఒక్క ముక్క మెసేజ్‌లోనే రాస్తే ఏం పోయింది?

పల్లకి
"ఒకసారి మాట్లాడాలి" మెసేజ్‌ని చట్టం చేసి నిషేధించాలి.

రన్‌వే
వెనకబెంచీ గారు చెప్పిన మొదటి పాయింట్ బంగారం. లీడ్ చివర మాట్లాడాలి. అందరికన్నా జూనియర్ ముందు చెప్పాలి.

నిదానం
అందరూ పైకి మాట్లాడాలనే పట్టుదల కూడా వద్దు. కొందరు రాతలో బాగా చెప్తారు. విషయం ఒక రోజు ముందు పంపితే వాళ్ళు ఆలోచించుకుని వస్తారు. అప్పటికప్పుడు నోటికొచ్చింది గట్టిగా చెప్పేవాళ్ళే తెలివైనవాళ్ళన్న భ్రమ లీడ్‌లకి చాలా ఉంటుంది.

చుక్కాని
నాయకత్వం అంటే నాకు ధ్రువ యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ గుర్తొస్తాడు. అంటార్కిటికా దగ్గర మంచులో ఇరుక్కుని 1915లో వాళ్ళ ఓడ మునిగిపోయింది. ఆయనతో కలిపి 28 మంది. మంచు మీద బరువులు లాగాలి కాబట్టి సొంత సామాను చాలా వరకు పారెయ్యమన్నాడు. ముందు తన దగ్గరున్న బంగారు నాణేలు తనే అందరి ముందూ మంచు మీద విసిరేశాడు. కానీ ఒకరి బాంజోని మాత్రం పట్టుబట్టి ఉంచాడు, మనసుకి మందు అదేనని. ఎక్కువ సణిగేవాళ్ళని తన గుడారంలోనే పడుకోబెట్టుకున్నాడు. 1916 ఆగస్టు 30న చివరివాళ్ళు కూడా బయటపడ్డారు, 28 మందీ బతికారు.

నాలుగోషిఫ్ట్
ఆ కథకి రెండో సగం కూడా ఉంది. అదే యాత్రలో ఖండం అవతలి వైపు రాస్ సముద్రం నుంచి ఇంకో బృందం వెళ్ళింది. షాకిల్టన్ ఖండాన్ని అడ్డంగా దాటి వస్తాడని దారి పొడవునా ఆహార నిల్వలు పెట్టడం వాళ్ళ పని. ఓడ మునిగి ఆయన ఖండం దాటడం అసలు మొదలుపెట్టనే లేదని వాళ్ళకి తెలిసే దారే లేదు. వాళ్ళు పని పూర్తి చేశారు, ముగ్గురు చనిపోయారు. కళ్ళముందున్నవాళ్ళని కాపాడుకోవడం ఒకటి, దూరంగా ఉన్నవాళ్ళని కాపాడుకోవడం ఇంకోటి. నేను వేరే షిఫ్ట్‌లో చేస్తాను కాబట్టి ఇది నాకు బాగా తగులుతుంది. పగలు నిర్ణయం మారుతుంది, మాకెవరూ చెప్పరు. రాత్రంతా పాత పద్ధతిలో చేసి పొద్దున వృథా అయిందని వింటాం. టీమ్‌లో ఎవరైనా దూరం నుంచో, వేరే వేళల్లోనో పనిచేస్తుంటే, మారిన ప్రతి నిర్ణయం కారణంతో సహా రాసి పెట్టండి. దీనికన్నా పెద్ద మోటివేషన్ మాకు అక్కర్లేదు.

చుక్కాని
నిజమే, ఆ ముగ్గురి సంగతి ఎవరూ చెప్పరు. గుర్తుచేసినందుకు థాంక్స్.

వార్డుసిస్టర్
నాకైతే సతీశ్ ధవన్ గారి సంగతే ఎక్కువ నచ్చుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోయినప్పుడు ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారు. కానీ విలేకరుల ముందుకి వెళ్ళి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ ధవన్. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైతే, "ఈసారి నువ్వు వెళ్ళి మాట్లాడు" అని కలాం గారిని పంపారు. ఇది కలాం గారే ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

వెనకబెంచీ
ఇలాంటి లీడ్ ఒక్కరు దొరికితే చాలు, అర్ధరాత్రి లేపినా వెళ్తాను.

సూటిగా
మళ్ళీ మొదటికొస్తా. మాటలు సరే, రేపు పొద్దున ఆయన ఏం చెయ్యాలి? ఒక్కటి చెప్పండి.

లెక్కలమాస్టారు
"డౌట్లున్నాయా?" అనే ప్రశ్న మానెయ్యండి. దానికి "లేవు" అనడమే మర్యాద అనుకుంటారు. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రీమార్టెమ్ అనే పద్ధతి చెప్పారు. పని మొదలుపెట్టే ముందే, "ఇది ఘోరంగా విఫలమైందనుకోండి, కారణం ఏమై ఉంటుంది?" అని అందరిచేతా విడివిడిగా రాయిస్తారు. విఫలమైందని ముందే అనేసుకున్నాం కాబట్టి లోపం చెప్పడం లీడ్‌ని తప్పుపట్టడం కాకుండా తెలివి చూపించడం అవుతుంది. చీటీల మీద పేరు అక్కర్లేదు.

షాప్‌ఫ్లోర్
చీటీలు చదివేటప్పుడు చేతిరాత గుర్తుపట్టినట్టు మొహం పెట్టకండి మరి!

కొత్తబాధ్యత
మాస్టారు చెప్పినట్టు చీటీలు పెట్టాను. ఇన్ని వస్తాయని అసలు ఊహించలేదు. కొన్ని వెంటనే సరిచేశాం, షాప్‌ఫ్లోర్ గారి "ఏం" కూడా పట్టుకున్నాను. గడువు సంగతిలో సూటిగా గారి మాటా విన్నాను. రోజూ ఆలస్యం చేసే అతనితో విడిగా కూర్చుని సూటిగా మాట్లాడితే, అతనికి అప్పగించిన పని అతను ఎప్పుడూ నేర్చుకోనిదని తెలిసింది. రెండు వారాలు పక్కన ఒకరిని పెడుతున్నాం, ఆ తర్వాత గడువు గడువే అని చెప్పాను, ఒప్పుకున్నాడు.

ఒక చిక్కు మిగిలింది. ఎక్కువ చీటీల్లో ఉన్నది ఒకే విషయం. మేం వాడే విధానమే తప్పు, మార్చాలి అని. అది నా చేతిలో లేదు. పైన అడిగాను, ఈ ఏడాది కుదరదన్నారు. ఈ మాట వాళ్ళకి ఎలా చెప్పాలి? "చెప్పినా మారేదేముంది" అన్నది నిజమని నేనే నిరూపించినట్టవుతుందేమో అని భయంగా ఉంది.

పల్లకి
"చూస్తున్నాం, ఆలోచిస్తున్నాం" అని మాత్రం నానబెట్టకండి. మా దగ్గర అలా నానినవి చాలా ఉన్నాయి.

వెనకబెంచీ
నాకైతే కుదరదన్న మాటకి కోపం రాదు. నేను చెప్పింది ఎక్కడికి పోయిందో తెలియకపోతేనే మనసు విరుగుతుంది. ఎవరిని అడిగారు, ఏమని అడిగారు, వాళ్ళు ఏ కారణం చెప్పారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ కారణం మీకు నచ్చకపోతే నచ్చలేదనీ చెప్పండి.

సూటిగా
పైవాళ్ళని తిట్టి మాత్రం టీమ్ దగ్గర మంచి అనిపించుకోకండి. అది వారం రోజులే పనిచేస్తుంది. మళ్ళీ ఎప్పుడు అడుగుతారో తేదీ చెప్పండి, ఆ తేదీకి నిజంగా అడగండి.

నిదానం
ఈసారి సూటిగా గారితో నేనూ ఏకీభవిస్తా. ఒకటి కలుపుతాను. విధానం మొత్తం మారదు, సరే. అందులో వాళ్ళని ఎక్కువ ఏడిపించే ముక్క ఏదో వాళ్ళనే అడగండి. అది మీ అధికారంలో ఉంటే అక్కడికక్కడే మార్చండి, మార్చే పని మాత్రం చీటీ రాసినవాళ్ళ నెత్తిన పెట్టకండి.

కొత్తబాధ్యత
సోమవారం మీటింగ్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్తాను, తేదీతో సహా. ఏడిపించే ముక్క ఏదో ముందే రాసి పంపమని ఇవాళే అడుగుతున్నా. ఏమైందో ఇక్కడ రాస్తాను.